బయటికి నడిచిన లక్ష్మి పాదాలు

మంచిర్యాలలో ముగ్గుపిండి అమ్మే శంకరవ్వను ఎవరైనా "బాగున్నవా?" అని పలకరిస్తే, "నా సంగతేమొగని, మీ వాకిట్ల ముగ్గు మొన్నటి సంది వంకరవోతున్నది. ఇంట్ల ఏమన్న లొల్లా?" అని తిరిగి అడిగేది. అడిగినవాళ్ళు గతుక్కుమనేవారు. నిజంగానే లొల్లి నడుస్తూ ఉండేది మరి.

ఆమెకు ఇది మంత్రమేమీ కాదు. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకొని గల్లీగల్లీ తిరిగేది కాబట్టి ఊళ్ళో వాకిళ్ళన్నీ ఆమె కళ్ళ ముందే ఉండేవి. అత్త వేసే ముగ్గు కోడలు వేసిందంటే అత్తకు పానం బాగా లేనట్టు. కోడలు వేసే ముగ్గు సగంలో ఆగిందంటే ఆమె పుట్టింటికి పోయినట్టు. నాలుగు గీతలు గీకి వదిలేస్తే మొగుడి మీద కోపం. అయితే ఆమె ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పేది కాదు. ఆ ఇంట్లోవాళ్ళకే చెప్పి, నవ్వి, సోలెడు పిండి కొలిచి పోసి వెళ్ళిపోయేది.

శంకరవ్వది ఇచ్చోడ దగ్గర పల్లె. అక్కడ మరాఠీ మాట, తెలుగు మాట ఒకే నోట్లో కాపురం చేస్తాయి. 1969లో మంచిర్యాల లింగమూర్తితో పెళ్ళి కుదిరింది. అది తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది. లారీలో బయలుదేరిన పెళ్ళికూతురు వాళ్ళు, రోడ్ల మీద బండలు అడ్డం పెట్టి ఉండటంతో ఎక్కడెక్కడో తిరిగి వచ్చేసరికి ముహూర్తం కాస్తా దాటిపోయింది. మగపెళ్ళివారు మూతులు ముడుచుకొని కూర్చున్నారు. పెళ్ళికూతురు మాత్రం పందిట్లోకి రాగానే పసుపు, పిండి తెప్పించుకొని పీట చుట్టూ ముగ్గు వేయడం మొదలుపెట్టింది. "ముహూర్తం ఎట్లా పాయె. ముగ్గన్న మంచిగుండాలె గద" అన్నదట. ఈ మాట ఆమె అత్త చనిపోయేదాకా పదిమందికీ చెప్పి మురిసేది. పుట్టింటి గుర్తుగా శంకరవ్వ నోట ఒక మాట మిగిలిపోయింది. దేనికైనా సరేనంటే "బరే" అనేది. ఆమె మారు మాట్లాడకుండా "బరే" అన్నదంటే లోపల ఇంకేదో ఉడుకుతున్నదని లింగమూర్తికి పెళ్ళయిన కొత్తలోనే అర్థమైంది.

అట్లా అర్థమవడానికి కారణం పక్కింటావిడ. ఆమె రోజూ తన ఇంటి చెత్త ఊడ్చి తెచ్చి శంకరవ్వ గడప ముందు పోసేది. అడిగితే "గాలికొచ్చింది" అనేది. "బరే" అన్నది శంకరవ్వ. మర్నాడు ఆ చెత్తకుప్పను ముట్టుకోలేదు. దాని చుట్టూ అలికి, పద్మాలు పెట్టి, జాజు మట్టితో ఎర్రంచు తీర్చి, పైన ఒక బంతిపువ్వు గుచ్చింది. గల్లీ అంతా చూడటానికి వచ్చింది. "ఏం దేవతవ్వా ఇది?" అని అడిగినవాళ్ళకు, "ఏమో, పక్కింటామెకు ఎరుక. ఆమెనే రోజు తెచ్చి పెడ్తది" అని దండం పెట్టి చూపించింది. పొద్దెక్కకముందే ఆ దేవతను పక్కింటావిడే తట్టలోకి ఎత్తుకొని పోయింది.

స్టేషన్ రోడ్డు మీద ఒక ఖాళీ జాగలో రేకుల డబ్బాల వరుస ఒకటి ఉండేది. మొండయ్య చాయ హోటల్, సాంబయ్య కటింగ్ దుకాణం, దశరథం కుట్టుమిషన్, చివర్న గోనెపట్టా మీద శంకరవ్వ ముగ్గుపిండి, సున్నం, జాజు. ఉదయం గల్లీలు తిరిగొచ్చాక మిగతా రోజంతా ఆమె అక్కడే కూర్చునేది. రైల్వే గూడ్సులో మూటలు మోసే లింగమూర్తి మధ్యాహ్నం అక్కడికే వచ్చి సద్ది విప్పుకునేవాడు. ఆ జాగ ఒక దొరది. ఆయన బతికున్నప్పుడు, "కూసోండ్రి, ఖాళీ జాగకు దయ్యాలు వడుతయి" అని తనే వాళ్ళను కూర్చోబెట్టాడు.

ఆ దొర కొడుకు జనార్దన్‌రావు. పల్లెల్లో దొరలుండే రోజులు పోయాయని, గోదావరి అవతలి ఊళ్ళో గడీకి తాళం వేసి, ఎనభైల మొదట్లో భార్య ప్రమోదినితో మంచిర్యాలకు వచ్చేశాడు. వచ్చాక వ్యవసాయం లేదు, పంచాయితీలు లేవు. పొద్దుపోక ఊరంతా నడిచి చూస్తే తన జాగలో దయ్యాలకు బదులు డబ్బాలు కనబడ్డాయి. అప్పటికే బొగ్గుగనుల జీతాలతో బజారు నిగనిగలాడుతున్నది. అక్కడ ఒక కాంప్లెక్స్ కట్టాలనుకున్నాడు.

వరుసలో వాళ్ళందరినీ పిలిపించి జాగ ఖాళీ చేయమన్నాడు.

"మీ బాపు కూసోమన్నడు దొరా" అన్నాడు మొండయ్య.

"బాపు కూసోమన్నడు. నేను లెవ్వుమంటున్న. కట్టుడు అయినంక మీరే రండ్రి. పగిడీ ఇచ్చి దుకాణం తీసుకోండ్రి."

"పగిడీ అంటే ఏంది దొరా?"

"తాళంచెవి చేతిల వెట్టేటందుకు ముందుగాల ఇచ్చేది."

మొండయ్య తోటివాళ్ళ వంక చూశాడు. "మా దుకాణాలకు తాళాలే లెవ్వు గద దొరా" అన్నాడు.

శంకరవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే గోనెపట్టా చుట్టుకుంది.

వాళ్ళకు బస్టాండు వెనుక మురుగు నాలా ఒడ్డున చోటు దొరికింది. అక్కడికి గిరాకీలు వచ్చేవారు కాదు, పందులు వచ్చేవి. సాంబయ్య కొన్నాళ్ళు చూసి, కుర్చీ అమ్మేసి బల్లార్షాలో బావమరిది దగ్గరికి పోయాడు. దశరథం మిషన్ ఇంట్లోనే పెట్టుకున్నాడు. మొండయ్య పొయ్యి వెలిగించి, చాయ కాచి, తానే తాగి, తానే గ్లాసు కడుక్కునేవాడు. శంకరవ్వకు గల్లీల బేరం ఉంది కాబట్టి ఆకలికి లోటు లేదు. అయితే మధ్యాహ్నం మాట్లాడటానికి మనుషులు లేకపోవడం ఆమెకు జ్వరం తగిలినట్టుండేది.

కాంప్లెక్స్ లేచింది. మూడంతస్తులు, ముందు నల్లరాతి మెట్లు, కింద అద్దాల తలుపుల చీరల షోరూము. అంత పెద్ద అద్దం మంచిర్యాలలో అదే మొదలు. షోరూము తెరవకముందే ఇద్దరు ముగ్గురు తలుపు లేదనుకొని ముక్కులు పగలగొట్టుకున్నారు. మెట్ల మీద ఎవరూ కూర్చోకుండా చూడటానికి కైలాసం అనే వాచ్‌మన్‌ను పెట్టారు. ఒకప్పుడు లింగమూర్తితో కలిసి మూటలు మోసినవాడే. ఇప్పుడు ఖాకీ వేసుకొని, తన పాత దోస్తులనే "ఈడ కూసోవద్దు, దొర చూస్తడు" అని బతిమాలుకునేవాడు.

షోరూము తీసుకున్న సేటు దీపావళి నాడే ప్రారంభం కావాలన్నాడు. ఆ ముందురోజు ప్రమోదిని శంకరవ్వకు కబురు పంపింది.

"శంకరవ్వా, రేపు ఊరంత ఆగి సూడాలె. గంత పెద్ద ముగ్గు నువ్వు దప్ప ఎవ్వరెయ్యలేరు."

"ఏం ముగ్గెయ్యాలె దొరసానీ?"

"నీ ఇష్టం. గని లక్ష్మి పాదాలు మాత్రం ఉండాలె. సేటు ఒకటికి రెండుమాట్లు చెప్పిండు."

"బరే" అన్నది శంకరవ్వ.

ఈ సంగతి తెలిసి మొండయ్య మండిపడ్డాడు. "మనల లేవగొట్టినోని వాకిట్ల ముగ్గేస్తవా? సిగ్గు లేదానె అక్కా?"

"వాకిలి దొరది. ముగ్గు నాది. నువ్వు రేపు పొద్దుగాల పాలు జర ఎక్కువ తెచ్చుకో" అన్నది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

తెల్లవారుతుండగా మొగుడూ పెళ్ళాం గంపలతో కాంప్లెక్స్ ముందుకు వచ్చారు. కైలాసం బకెట్లతో నీళ్ళు తెచ్చి చల్లాడు. శంకరవ్వ కొంగు నడుముకు దోపి వంగగానే రోడ్డు మీద పద్మాలు విచ్చుకుంటూ పోయాయి. పద్మాల మధ్య, మామూలుగా నెమళ్ళూ చిలకలూ ఉండే చోట, ముక్కు వంకర తిరిగిన చాయ కెట్లె ఒకటి, చేతులున్న కుర్చీ ఒకటి, చక్రంతో సహా కుట్టుమిషన్ ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఇదివరకు డబ్బాలు ఏ వరుసలో ఉండేవో సరిగ్గా అదే వరుసలో. జాజుతో ఎరుపు, పసుపుతో పచ్చ, బొగ్గుపొడితో నలుపు నింపింది. వరుస చివర్న, గోనెపట్టాకు బదులు, ఒక ఆడమనిషి బొమ్మ వేసి, దాని మూతి కాస్త వంకర తిప్పింది.

తర్వాత మెట్లెక్కి, అద్దాల తలుపు దగ్గర పాదాలు మొదలుపెట్టింది. ఆమె పుట్టింటి వైపు భాద్రపదంలో మహాలక్ష్మి పండుగకు వీధి నుంచి దేవుని గూటిదాకా పాదాలు వేసే ఆచారం ఉంది. పిడికిలి బిగించి అద్దితే పాదం, వేలికొసలతో చుక్కలు పెడితే వేళ్ళు. ఆమె చేతికి అది ఆటే.

కైలాసం లాంతరు ఎత్తి చూశాడు. "అక్కా, పాదాలు ఉల్టా వడుతున్నయి. వేళ్ళు బయటి దిక్కున్నయి."

"ఉల్టా ఎందుకయితది తమ్మీ? నడిచేటామెకు సీదనే ఉన్నది గద."

కైలాసం కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత లాంతరు కిందపెట్టి, "నేనైతే ఏం సూడలే" అని నీళ్ళకు పోయాడు.

లక్ష్మి మెట్లు దిగింది. దిగి, చాయ కెట్లె పక్కనుంచి రోడ్డెక్కింది. బజారు మలుపు తిరిగింది. బస్టాండు దాటింది. గంప పట్టుకొని వెంట నడిచే లింగమూర్తి ప్రతి మూల దగ్గరా "ఇగ సాలు తియ్యే" అనేవాడు. అంటూనే పిండి అందించేవాడు.

పొద్దెక్కింది. జనార్దన్‌రావు పట్టుపంచెతో, ప్రమోదిని పట్టుచీరతో వచ్చారు. సేటు కుటుంబం కొబ్బరికాయలతో దిగింది. ముగ్గు చుట్టూ అప్పటికే జనం. ఎవ్వరూ తొక్కడం లేదు. అందరూ అంచుల వెంబడి జాగ్రత్తగా తిరుగుతున్నారు. జనార్దన్‌రావు తృప్తిగా మీసం సవరించుకున్నాడు. అంతలో ఒక ముసలాయన వంగి, "అరె, గిది మొండయ్య కెట్లె గాదూ? మూతికాడ సొట్ట గూడ ఉన్నది సూడు" అన్నాడు.

"గిది సాంబయ్య కుర్చీ!" అని ఇంకొకరు. "గా మూతి వంకరది శంకరవ్వే!" అని మరొకరు. నవ్వులు అటు నుంచి ఇటు పాకాయి. సాంబయ్య ఎక్కడున్నాడు, దశరథం ఏం చేస్తున్నాడు అని ఒకరినొకరు అడగటం మొదలుపెట్టారు. దొర మీసం మీది చెయ్యి దింపాడు.

అదే సమయంలో మెట్ల మీది నుంచి సేటు కేక వినిపించింది.

"అరె రావ్‌సాబ్! లక్ష్మీజీ బాహర్ పోతుంది!"

నిజమే. చిన్నచిన్న తెల్లటి పాదాలు, షోరూము లోపలి నుంచి బయలుదేరి, తీరిగ్గా మెట్లు దిగి వెళ్ళిపోతున్నాయి. సేటు చేతిలోని కొబ్బరికాయ పక్కన పెట్టేశాడు. "ఎక్కడికి పోయింది? చూడాలె, చూడాలె" అంటూ పాదాల వెంట నడిచాడు. సేటు వెంట సేటు తమ్ముళ్ళు, వాళ్ళ వెంట బ్యాండువాళ్ళు, వాళ్ళ వెంట ఊరు. బ్యాండువాళ్ళకు సంగతి తెలియక వాయిస్తూనే ఉన్నారు. ఆ ఊరేగింపు బస్టాండు చుట్టి, నాలా ఒడ్డుకు వచ్చి, మొండయ్య పొయ్యి ముందు ఆగింది. ఆఖరి పాదాల జంట బల్ల పక్కనే ఉంది, కూర్చోవడానికి వచ్చినట్టు.

మొండయ్య గరిట పట్టుకొని బిత్తరపోయి నిలబడ్డాడు. శంకరవ్వ అతణ్ణి మోచేత్తో పొడిచింది. "చూస్తవేందిర? ఇంతమందొచ్చిన్రు. చాయ వొయ్యి."

ఆ రోజు మొండయ్య దగ్గర పాలు రెండుసార్లు అయిపోయాయి.

జనార్దన్‌రావు మాత్రం కాంప్లెక్స్ దగ్గరే ఉండిపోయాడు. "కైలాసం! చీపురు దే. తుడువు వాటిని" అని అరిచాడు.

"నా వల్లగాదు దొరా. దీపావళి నాడు లచ్చిమిని చీపురుతోటి ఊడ్సుడంటే... నాకు పిల్లలున్నరు."

దొర తనే చీపురు అందుకున్నాడు. ప్రమోదిని చెయ్యి పట్టుకొని ఆపింది. "మీకేమన్న తెలివున్నదా? బయటికి పోతున్నదంటే మల్ల రావచ్చు. ఊడ్సిన్రంటే ఇగ ఏం వస్తది?"

అదీ చిక్కు. పాదాలు ఉంచితే లక్ష్మి వెళ్ళిపోతున్నట్టు. ఊడిస్తే లక్ష్మిని వెళ్ళగొట్టినట్టు. సేటు తిరిగి వచ్చి, పాదాలు లోపలికి తిరిగితే తప్ప తాను గడప తొక్కనని మెట్ల మీదే కూర్చున్నాడు. మెట్ల మీద కూర్చోవద్దని చెప్పాలో వద్దో కైలాసానికి తోచలేదు.

శంకరవ్వను పిలిపించారు. ఆమె చేతులు కడుక్కొని నెమ్మదిగా వచ్చింది.

"ఏందే ఇది?" అన్నాడు జనార్దన్‌రావు.

"పాదాలు ఉండాలన్నది దొరసాని. వెట్టిన. ఎటువోవాల్నో ఎవ్వరు జెప్పలే."

ప్రమోదినికి నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గినట్టు చేసింది.

"ఇప్పుడు తిప్పు" అన్నాడు దొర.

"నేను తిప్పితే తిరుగుతదా దొరా? ఆమె చాయ తాగుదామని పోయింది. ఈడ చాయ దొరికితే ఈడనే ఉంటది."

సేటు లేచి నిలబడ్డాడు. "రావ్‌సాబ్, ఒక చాయ డబ్బాకు జాగ ఇవ్వలేవా? నాకు కూడా చాయ కావాలె" అన్నాడు.

కాంప్లెక్స్‌కు పడమటి పక్క గోడ ఉంది. దాని వెంట ఒక సందు, మధ్యాహ్నం నుంచి నీడ. శంకరవ్వ అడిగింది అదే. లోపల దుకాణం కాదు, గోడ నీడ. ఊరంతా చూస్తుండగా జనార్దన్‌రావు తల పక్కకు తిప్పుకున్నాడు. "కూసోండ్రి" అని మాత్రం గొణిగాడు. వాళ్ళ బాపు గొంతు లాగే ఉందని తర్వాత ప్రమోదిని అన్నదట.

శంకరవ్వ మళ్ళీ నాలా ఒడ్డు నుంచి పాదాలు వేసుకుంటూ వచ్చింది. అందరూ వెంట నడిచారు. పాదాలు మెట్ల దాకా వచ్చి, మెట్లెక్కకుండా పడమటి గోడ వైపు మళ్ళాయి. అక్కడ కాసేపు నిలబడ్డట్టు ఒక జంట. "ఆగు సేటూ, తాగనియ్యి" అన్నది శంకరవ్వ. ఆ తర్వాతే అవి మెట్లెక్కి అద్దాల తలుపులోకి పోయాయి. బ్యాండు మళ్ళీ మోగింది.

మొండయ్య వచ్చాడు, దశరథం మిషన్ తెచ్చుకున్నాడు. సాంబయ్యకు కబురు పంపితే, బల్లార్షాలో బాగానే ఉన్నానని, మళ్ళీ మూటలు కట్టలేనని చెప్పి పంపాడు. ఆయన జాగలో పూలు అమ్మే పిల్లవాడు ఒకడు కూర్చున్నాడు. శంకరవ్వకు అది కొంచెం బాధే. "కుర్చీ బొమ్మ మంచిగొచ్చింది. మనిషి రాలే" అనేది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆమెకు మంచి రోజులు. దీపావళి వస్తుందంటే బజారులో దుకాణదారులు ముందే నమస్కారాలు మొదలుపెట్టేవారు. తక్కువ తూచే కిరాణా ఆయన వాకిట్లో లక్ష్మి ఒంటికాలి మీద నిలబడిందొకసారి. చదివింపులకని కొన్న చీరల్లో చిరుగు చీర కలిపి అమ్మిన ఒకాయన వాకిట్లో పద్మానికే చిరుగు పడింది. ఎవ్వరినీ ఆమె ఒక్క మాట అనేది కాదు.

అన్నిటికంటే వింత, ప్రమోదిని ముగ్గు నేర్పమని అడగటం. గడీలో పెరిగిన మనిషి. పనివాళ్ళు వేసిన ముగ్గు దాటడమే గానీ వంగి గీత గీసి ఎరగదు. "వంగు దొరసానీ, రోడ్డు కరవది" అని శంకరవ్వ అంటే, అటూ ఇటూ చూసి వంగేది. చుక్కలు పెట్టినవి పెట్టినట్టే మరిచిపోయేది. కొన్నాళ్ళకు ఇద్దరికీ ఒకరినొకరు చూడకుండా పొద్దుపోయేది కాదు.

తొంభైల్లో రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలు వేసేవాళ్ళు వచ్చారు. పడమటి గోడ పక్క సందు మీద ఎర్రగీత పడింది. అంతటితో ఆగక, ఆ గీత కాంప్లెక్స్ నల్లరాతి మెట్ల మీదుగా కూడా పోయింది. మెట్లు రోడ్డు జాగలోకి వచ్చాయట. జనార్దన్‌రావు కాగితాలు పట్టుకొని ఆఫీసులు తిరిగాడు. ప్రతిచోటా కూర్చోబెట్టి చాయ ఇచ్చి పంపించారు.

"సర్కారోల్లకు లచ్చిమంటే భయముండది" అన్నది శంకరవ్వ. "పాదాలు ఎటు వెట్టినా తొక్కుకుంటనే పోతరు."

"మరేం జేద్దాం?" అన్నది ప్రమోదిని.

"రోడ్డు ఆగది దొరసానీ. నవ్వుకుందాం."

మర్నాడు పొద్దున నడకకు బయలుదేరిన జనార్దన్‌రావు రోడ్డు పనుల ఆఫీసు గేటు ముందు ఠక్కున ఆగిపోయాడు. గేటుకు అడ్డంగా రోడ్డు మీద పెద్ద రోడ్డు రోలర్ ముగ్గు. దానికి నుదుట బొట్టు, మెడలో బంతిపూల దండ, ముందర హారతి పళ్ళెం. రోలర్ కింద నలిగిపోతూ ఒక కెట్లె, ఒక కుట్టుమిషన్, నాలుగు నల్లమెట్లు. ముగ్గులో మోకాళ్ళ మీద కూర్చొని, చీరంతా పిండి చేసుకొని తన భార్య.

"ఏం జేస్తున్నవ్ ఈడ?" అన్నాడు.

"కనబడ్తలేదా? చక్రం గీస్తున్న."

కాస్త అవతల రాతి మీద కూర్చొని మోకాళ్ళు నొక్కుకుంటున్న శంకరవ్వ, ఇందులో తన ప్రమేయం ఏమీ లేనట్టు ఆకాశం చూసింది. జనార్దన్‌రావు చుట్టూ చూశాడు. పాలవాడు ఒకడు సైకిలు దిగి నవ్వుతున్నాడు. దొర చేతికర్రతో చూపించాడు.

"చక్రం గుండ్రంగ రాలే. ఆ దిక్కు జర లోపలికి తియ్యి."

ఆఫీసు తెరిచేసరికి సగం ఊరు అక్కడే ఉంది. ఉద్యోగులు గేటు పక్క చిన్న సందులోంచి ఒక్కొక్కరే దూరి లోపలికి పోయారు. పెద్ద సారు కారు దిగి, ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి, బొట్టు పెట్టిన రోలర్‌ను చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. మధ్యాహ్నం దాకా ఎవ్వరినీ తొక్కనివ్వలేదు. వారం తిరక్కుండా అసలు రోలర్ వచ్చింది. మెట్లు పోయాయి, సందు పోయింది, రోడ్డు వెడల్పయింది. షోరూములోకి ఎక్కడానికి ఒక ఇనుప నిచ్చెన పెట్టుకున్నారు.

మొండయ్య కోర్టు దగ్గర మంచి చోటే చూసుకున్నాడు. శంకరవ్వకు గంప మోయడం కష్టమై, లింగమూర్తి ఒక తోపుడుబండి తెచ్చాడు. బండి ముందు చక్రం సైకిలుది, వెనక చక్రాలు వేరే ఏదో బండివి, ఎప్పుడూ ఎడమకు లాగేది. అందుకని ఆమె ప్రయాణమంతా ఎడమవైపు గల్లీలే ముందు, కుడివైపు గల్లీలు తిరుగు దారిలో. కుడివైపు వాళ్ళు ఆలస్యమైందని గొణిగితే, "బండి నడగండ్రి" అనేది. అని, వాళ్ళ వాకిలి వంక ఒకసారి చూసి, "అల్లుడు వచ్చిండా? ముగ్గు మెరుస్తున్నది" అని పిండి కొలవడానికి సోల అందుకునేది.